బాపుకు నెల చందా

మస్కట్
శుక్రవారం మధ్యాహ్నం

చెల్లెలు శ్రావణికి, అక్క ప్రేమతో రాసేది.

ఉత్తరం మొదట అందరి క్షేమం అడగాలని కాన్వెంట్‌లో సిస్టర్ నేర్పింది. మన ఇంట్లో ఒకరికి బాగా లేదని తెలిసి కూడా అడుగుతున్నాను. అమ్మ ఎలా ఉంది? బీడీలు చేసీ చేసీ బొటనవేలు పగిలిందన్నావు, కొబ్బరినూనె రాసుకుంటున్నదా? నువ్వు పొద్దున ఏమైనా తిని కాలేజీకి పోతున్నావా? బాపు పడుకుని నిద్రపోగలుగుతున్నాడా, లేక ఇంకా గోడకు ఆనుకుని కూర్చునేనా? నేను బాగున్నాను. వేళకు తింటున్నాను. నా గురించి ఎవరూ ఫికర్ పెట్టుకోవద్దు.

రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. నీ ఫోన్ బాపుకు ఇచ్చేశావు కదా. నేను చేస్తే ఆయనే ఎత్తి స్పీకర్ పెడతాడు. మెసేజ్ పెడితే ఆయనే ముందు చదివి మీకు చెబుతాడు. ఆయన ముందు అనలేని మాట నీతో చెప్పడానికి నాకు వేరే దారి దొరకలేదు. అందుకని గంగామణి అక్క చేతికి ఇది ఇస్తున్నాను. ఆమెది మన దగ్గరి ముప్కాల్. ఇక్కడ నేను పనిచేసే బడిలోనే ఊడ్చే పని చేస్తుంది. కొడుకు పెళ్లికని మంగళవారం బయలుదేరుతున్నది. కాగితాలు చూసి నవ్వింది.

"గిదేందే పిల్లా, ఫోన్‌ల రెండు మాటలు జెప్తే అయిపోయేదానికి గిన్ని కాయితాలు నింపుతున్నవ్?"

"మా చెల్లెకు అక్కా."

"చెల్లెకే గింత రాస్తె, రేపు మొగనికి పుస్తకమే రాస్తవ్ గద."

మీకు పంపే ఖర్జూరం డబ్బాలో ఈ ఉత్తరం అడుగున పెడతానంటే ఆమే వద్దంది. "మీ బాపు గల్ఫ్ మనిషని జెప్పినవ్ గద. గల్ఫ్ మనిషి డబ్బా ఇంకొకళ్లను ఇప్పనిస్తడా? సక్కగ ఆయన చేతులనే వడ్తది. నేనే మీ చెల్లె చేతుల వెడ్త తియ్." నిజమే. ఆయన సెలవులకు వచ్చినప్పుడు కార్టన్ ఆయనే కోసేవాడు. మనిద్దరం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. గుర్తుందా?

ఇక్కడ ఎండ ఇప్పుడిప్పుడే తగ్గుతున్నది. పొద్దున బడికి నడిచి పోతే బట్టలు తడవడం లేదు. చుట్టూ కొండలే. మన ఆర్మూర్ గుట్టల్లాగే అంతా రాయి, కానీ మన రాళ్లు నునుపుగా, ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉంటాయి. ఇవి పగిలిన కుండ పెంకుల్లా ఉంటాయి. బడి గ్రంథాలయంలో నా పని కొత్త పుస్తకాలకు అట్టలు వేయడం, పిల్లలు తీసుకుపోయే పుస్తకం మీద తిరిగి ఇవ్వవలసిన తేదీ ముద్ర వేయడం. మాట్లాడవలసింది తక్కువ, అది నాకు సరిపోయింది. కానీ ఇన్ని పుస్తకాల మధ్య ఉండి చదవడం మానేశానంటే నమ్ముతావా? పేజీ తిప్పుతాను. రెండు పేజీల తరువాత చూస్తే ఏం చదివానో ఉండదు.

గదిలో నలుగురం ఉంటాం. వంట వంతుల వారీగా చేసుకుంటాం. నా వంతు రోజు పచ్చిపులుసు చేస్తే ఇద్దరు మొహం తిప్పుకున్నారు. లీలమ్మ చేచి మాత్రం రెండుసార్లు పోసుకున్నది. చేచి అంటే వాళ్ల మలయాళంలో అక్క. ఆమె కేరళ నుంచి వచ్చి ఇదే బడి క్యాంటీన్‌లో వంట చేస్తున్నది. ఆమె మంచిది. నేను ఏడ్చినప్పుడు ఎందుకని అడగదు, టీ పెట్టి ఇస్తుంది. రోజూ ఏడుస్తానని అనుకోవద్దు. అమ్మకు ఈ మాట చెప్పవద్దు.

ఇక నువ్వు అడిగినదానికి వస్తాను. బాపు సినిమాలు చూడడానికి ఏ యాప్ తీసుకోవాలి, నెలకు కట్టాలా, ఏడాదికి కట్టాలా అని అడిగావు. ఆయన పక్కన ఉండి "మీ అక్కకు లెక్కలు మంచిగ వస్తయి, దాన్నే అడుగు" అన్న మాట కూడా వినిపించింది. పదిహేను రోజులైంది. చూసి చెబుతానని ప్రతిసారీ దాటేస్తున్నాను.

మొదట తప్పు చేసింది నేనే. ఇక్కడ నేను కట్టిన యాప్ పాస్‌వర్డ్ మీకు పంపితే చాలనుకున్నాను. చేచి ఫోన్‌లో, నా ఫోన్‌లో బాపు కోరిన పాత మలయాళం సినిమాలన్నీ కనబడ్డాయి. ఒకటే యాప్ అయినా ఏ దేశానికి ఆ దేశం జాబితా వేరుగా ఉంటుందని నాకు తెలియదు. నేను పేరు చెబుతూ ఉంటే మీరు అక్కడ టీవీలో వెతికారు, ఒకటీ రాలేదు. అరగంట అట్లా వెతికించి ఆయన ఆయాసం పెంచాను. తరువాత అది ఒక ఇంట్లోనే చూడాలని అడ్డం తిరిగి మొత్తమే ఆగిపోయింది.

రెండోది నీ తప్పు అనను. పాత బస్టాండ్ దగ్గర రీఛార్జ్ షాపతను చెప్పిన మాట ఎవరైనా నమ్ముతారు. "ఒక్క రీఛార్జ్‌ల మూడు యాప్‌లు చెల్లే, మలయాళం సినిమాలు సుత తెలుగుల మాట్లాడ్తయి" అన్నాడట. ఇంటికి వచ్చి నువ్వు సంబరంగా ఒక మలయాళం సినిమా పెట్టావు. పడవ నడిపేవాడు తెర మీద తెలుగులో మాట్లాడగానే బాపు అడిగాడన్నావు చూడు, "ఈనికి తెలుగెట్ల వచ్చె? మా వర్గీస్‌కు పద్దెనిమిదేండ్లు నేర్పిన, నీళ్లు ఇయ్యి అనెటందుకే రాకపోయె." మీరిద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ తరువాత ఆయన ఆ సినిమా చూడలేదు. చూశాడా?

ఆయనకు కావలసింది కథ కాదు శ్రావణీ, ఆ మాట. పద్దెనిమిదేళ్లు గల్ఫ్‌లో రాయి కోసి, ఆ దుమ్ము మింగి, సాయంత్రం గదికి వచ్చి వర్గీస్ లాంటి కేరళ వాళ్ల మధ్య విన్న మాట. మన ఇంటి మాట ఆయన ఎప్పుడో ఒకసారి ఫోన్‌లో, రెండేళ్లకోసారి సెలవులో విన్నాడు. ఇప్పుడు మన ఇంట్లో ఆ ఆక్సిజన్ మిషన్ చప్పుడు మధ్య కళ్లు మూసుకుని కూర్చుని వినాలనుకుంటున్నాడు. ఆయన ఒక్కడే నవ్వుతాడు, మీకెవరికీ ఎందుకో తెలియదు. అమ్మ "ఏమన్నరు? ఏమన్నరట?" అని అడిగితే చెప్పడానికి ఊపిరి చాలదు.

కాబట్టి ఎంపిక ఇట్లా చూశాను. చేచిని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు యాప్‌లు చూశాను. ఆర్మూర్‌లో ఏవి వస్తాయో, కొచ్చిలో ఉన్న ఆమె తమ్ముణ్ని అడిగి సరిచూశాను, ఈసారి పొరపాటు జరగకూడదని.

క్రికెట్ వచ్చే యాప్ రీఛార్జ్‌తో ఎట్లాగూ వస్తుంది. అందులో మలయాళం సినిమాలు చాలానే ఉన్నాయి, భాష మార్చుకునే చోట నొక్కితే కొన్నింటికి అసలు మాట కూడా వస్తుంది. ఇది మనకు అప్పుడు తెలియలేదు. కానీ ప్రతి పావుగంటకు ప్రకటనలు. ఒక్కసారిగా చప్పుడు పెరిగితే ఆయన ఉలిక్కిపడతాడు, దగ్గు మొదలవుతుంది. విదేశీ సిరీస్‌ల యాప్‌లో బొమ్మ అన్నిటికంటే బాగుంటుంది, ధర కూడా అన్నిటికంటే ఎక్కువ. తక్కువ ధరది తీసుకుంటే ఫోన్‌లోనే వస్తుంది, టీవీలో రాదు. ఆయనకు ఫోన్ ఎత్తి పట్టుకునే శక్తి లేదు. తెలుగు యాప్ నీకూ అమ్మకూ బాగుంటుంది. సీరియళ్లు, పాత సినిమాలు అన్నీ ఉన్నాయి. ఆయనకు అందులో ఏమీ లేదు.

నాలుగోది చిన్న యాప్. ఒక్క మలయాళమే. పేరు కూడా మన దగ్గర ఎవరూ విని ఉండరు. కొత్త సినిమాలు దాదాపు లేవు. కానీ ఆయన గల్ఫ్‌లో ఉన్న కాలంలో వచ్చినవి, అంతకు ముందువి, హాస్యం సినిమాలు, పడవల పందెం సినిమా, అన్నీ ఉన్నాయి. ప్రకటనలు లేవు. పాత టీవీలో కూడా ఆడుతుంది. ఒకటే లోపం, కింద వచ్చే అక్షరాలు ఇంగ్లీషులోనే వస్తాయి, తెలుగు లేదు. అమ్మ చదవలేదు. అందుకని నీకు ఒక పని. సాయంత్రం ఒక గంట ఆయన పక్కన కూర్చుని కింది అక్షరాలు చదివి అమ్మకు తెలుగులో చెప్పు. అమ్మ బీడీల చాట ముందు పెట్టుకుని వింటుంది. ఇంగ్లీషులో తప్పులొస్తే రానీ, ఎవరు దిద్దుతారు? ఆయన నవ్వినప్పుడు మీరు కూడా నవ్వగలిగితే చాలు.

ఇది తీసుకో. ఇక మిగిలింది నెలా, ఏడాదా అన్నది.

కాగితం మీద పెడితే చిన్న లెక్క. ఏడు నెలలకు నెల నెలా కట్టే డబ్బు, ఏడాదికి ఒకేసారి కట్టే డబ్బు సమానం. ఏడు నెలల కంటే ఎక్కువ చూసేవాళ్లకు ఏడాదిది లాభం, తక్కువ చూసేవాళ్లకు నెలది లాభం. ఎవరికైనా ఇట్లాగే చెబుతాను. నిజామాబాద్ దవాఖానలో డాక్టర్ నిన్ను వరండాలోకి పిలిచి చెప్పింది ఐదు నెలలు. పసుపు తవ్వి మార్కెట్ యార్డుకు తెచ్చే రోజుల దాకా అని నువ్వు నాకు చెప్పావు. నా కాగితాల ప్రకారం నాకు సెలవు జూన్‌లో, బడి మూసినప్పుడు. అది ఎనిమిదో నెల. ముందు పంపమని ఆఫీసులో రెండుసార్లు అడిగాను. మొదటి ఏడాది ఎవరికీ ఇవ్వరట. అన్నీ వదిలి వచ్చేస్తే మిషన్ కిరాయి, మందులు ఆగిపోతాయి. మూడు అంకెలు ఒక వరసలో రాసుకుని చూశాను. ఐదు, ఏడు, ఎనిమిది. ఎటు నుంచి చూసినా మారలేదు.

ఏడాదిదే తీసుకోమని చెబుదామనుకున్నాను. తెర మీద మూలన ఫలానా తేదీ దాకా అని కనబడుతుంది. ఆ తేదీ దూరంగా ఉంటే ఆయనకు ధైర్యంగా ఉంటుందనుకున్నాను. మనం ఆయన దగ్గర దాస్తున్నాం కాబట్టి, ఆ దాచడానికి అది కూడా పనికొస్తుందనుకున్నాను.

పోయిన వారం బుధవారం ఫోన్‌లో ఆయన అన్న మాటతో ఆ ఆలోచన పోయింది. నువ్వూ అమ్మా అక్కడే ఉన్నారు. కానీ మీకు తెలియలేదు, తెలిసే వీలు కూడా లేదు. మళ్లీ రాస్తాను, చదువు.

"సెలవు జూన్‌లనేనా బిడ్డా?" అన్నాడు.

"జూన్‌లనే బాపు."

 "అట్లయితె నాది నెలల లెక్క రాయి" అన్నాడు.

వెనక నుంచి అమ్మ అందుకున్నది. "గీ మనిషి పిసినారితనం పోదు. సబ్బును సుత సగం కోసి వాడ్తడు. సాలుకు కట్టుండ్రి, పైసలు మిగుల్తయట గద." నువ్వు నవ్వావు. ఆయన కూడా నవ్వాడు. "నెలల లెక్కనే," అని మళ్లీ అన్నాడు. "నీకు ఎరికే గద రజితా." నేను సరేనని ఫోన్ పెట్టేశాను.

నాకు ఎరికే. నీకు చెప్పాలి.

ఆయన గల్ఫ్ నుంచి పూర్తిగా వచ్చేసిన ఏడాది, నేను ఇంటర్‌లో ఉన్నాను. ఒక మధ్యాహ్నం నువ్వు బడికి పోయావు, అమ్మ బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు పోయింది. మలయాళం ఎట్లా నేర్చుకున్నావని అడిగాను. అక్కడ వాళ్ల గదిలోని డిష్ టీవీ గురించి చెప్పాడు. గదిలో ఎనిమిది మంది, ఐదుగురు కేరళ వాళ్లు, ముగ్గురు మన దిక్కు వాళ్లు. మలయాళం ఛానళ్లకు ఏడాది చందా అందరూ కలిసి వేసుకునేవాళ్లు. వర్గీస్ గదికి పెద్ద. చందా అడిగే ముందు అతను ప్రతి మనిషి వీసా చివరి తేదీ చూసేవాడట. ఏడాది ఉన్నవాడు ఏడాదికి వేయాలి. వీసా అయిపోతున్నవాడు, మళ్లీ కొత్తది రానివాడు, ఉన్నన్ని నెలలకే వేయాలి. అతని పేరు వేరే వరసలో రాసేవాళ్లు. దాన్నే నెలల లెక్క అనేవాళ్లు. పోయేవాడి దగ్గర ఏడాది చందా తీసుకోవడం గదికి తప్పు.

"ఒకని పేరు నెలల లెక్కల ఎక్కిందంటె ఇగ గదిల ఎవ్వడు వాణ్ని ఏమడుగడు బిడ్డా," అన్నాడు. "అందరికి ఎరికే. వానికి సుత ఎరికే. గంతే. సిన్మా వెట్టుకోని సూస్తం."

కాబట్టి ఆయనకు తెలుసు. డాక్టర్ నీకు చెప్పింది ఆయన విన్నాడో, ఎవరైనా చెప్పారో నాకు తెలియదు. ఆయన ఊపిరే ఆయనకు చెప్పి ఉంటుంది. మన ముందు ఒక్క మాట అనకుండా, అమ్మకు అర్థం కాకుండా, తన పేరు తనే ఆ వరసలోకి మార్చుకున్నాడు. నేను సరేనన్నాను. ఆ రోజు నుంచి ఆయన నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు, కొంచెం తేలికగా కూడా. నువ్వు గమనించావా? నాకు తేలికగా లేదు. ఆయనకు ధైర్యం చెప్పే పని కూడా ఇక నాకు మిగలలేదు.

నువ్వు కూడా ఇక అబద్ధాలు చెప్పనవసరం లేదు. నిజం చెప్పనవసరం కూడా లేదు. మంచిగైతవు బాపు అని అనవద్దు. ఏడవవద్దు. ఆయన అడిగినట్టు సినిమా పెట్టి పక్కన కూర్చో. అమ్మకు చెప్పాలా వద్దా అనేది నువ్వే చూడు. అక్కడ ఉన్నది నువ్వు. ఇంత దూరం నుంచి నేను పెద్దరికం చేయలేను.

కొన్ని చిన్న పనులు. ఆక్సిజన్ మిషన్ ఒక ప్లగ్గుకు, టీవీ వేరే ప్లగ్గుకు పెట్టించు. సినిమా ఆయన మధ్యలో ఆపితే మొదటి నుంచి పెట్టవద్దు, ఆపిన చోటు నుంచే వస్తుంది, ఊరికే నొక్కు. నా అలమరలో కింద పెట్టెలో నా స్వెట్టర్ ఉంది, ఆయన భుజాల మీద కప్పు, పొడుగు చేతులది. గంగామణి అక్క తిరిగి వచ్చేటప్పుడు కొంచెం మన పసుపు పంపు, కొమ్ములు కాదు, దంచినది. ఇక్కడి పసుపుకు వాసన లేదు. ఖర్జూరం డబ్బా మాత్రం ఆయన్నే ఇప్పనివ్వు. కత్తి పట్టలేకపోతే నువ్వు చెయ్యి కింద పట్టుకో.

నేను బాగున్నాను. మళ్లీ చెబుతున్నాను, బాగున్నాను.

డబ్బు నువ్వు కట్టవద్దు. ఆర్మూర్ బ్యాంకులో నా ఖాతా నుంచి నెల నెలా దానంతట అదే కట్టేట్టు పెడుతున్నాను. అప్పుడు తెర మీద గడువు అయిపోతున్నదని రాదు. ఆ గదిలో ఇంకో పద్ధతి కూడా ఉండేదని ఆయనే చెప్పాడు. పోయేవాడు తన నెలలన్నీ తనే వేసుకుంటాడు, కానీ ఆఖరి నెలది మాత్రం వాడి దగ్గర తీసుకోరు. గదిలో మిగిలినవాళ్లు వేస్తారు. మనకు ఏ నెల ఆఖరిదో తెలియదు కదా. అందుకని ప్రతి నెలదీ నేనే వేస్తాను.

అమ్మకు నా నమస్కారాలు, ఆమె దీవెన కావాలని చెప్పు. బాపు కాళ్లకు నా బదులు నువ్వు ఒకసారి మొక్కు, ఎందుకని అడిగితే అక్క మొక్కమన్నదని చెప్పు. నీకు నా ఆశీస్సులు.

నీ అక్క,
రజిత